క్రొత్త సంవత్సరమున ఆంగ్లాభ్యాసము: సంకల్పము చేయు తీరు



మన తెలుగువారికి సంవత్సరాదులు రెండు. ఒకటి జనవరి మొదటి తేదీ. రెండవది చైత్ర శుద్ధ పాడ్యమి. మొదటిదానికి గోడమీది క్యాలెండరు మాఱును; రెండవదానికి పంచాంగము మాఱును. ఉత్తరములమీదను, రసీదులమీదను మనము వేయు తేదీలు మొదటిదానిని అనుసరించును. ముహూర్తములును వ్రతములును రెండవదానిని అనుసరించును. ఈ రెంటిలో మన ప్రతిజ్ఞల బరువంతయు మోయునది జనవరి మొదటి తేదీయే. ఆ దినమునుండి తెల్లవాఱుజామున లేతుమనువారును, చుట్టలు మానుదుమనువారును, జమాఖర్చులు వ్రాయుదుమనువారును కలరు. వారితోపాటు “ఈ యేడు ఇంగ్లీషు నేర్చుకొని తీఱవలెను” అనుకొనువారు ఊరూరను కలరు. క్రొత్త నోటుపుస్తకము కొందురు. మొదటి పుటలో అందమైన అక్షరములతో పేరు వ్రాసికొందురు. పది పుటలు నిండును. పదునొకండవ పుట తెల్లగా మిగిలిపోవును. నేను చాల యేండ్లు ఆంగ్లము బోధించి బ్రతికినవాడను గనుక అట్టి నోటుపుస్తకములను పెక్కింటిని చూచితిని. ఆంధ్రులు ఆరంభశూరులను లోకోక్తి మనకు తగిలించినవా రెవరో గాని, వారును ఇట్టి పుస్తకమునొకదానిని తిరుగవేసియే యుందురని నా యనుమానము.

ఆంగ్లము మనకు వలయునా వలదా, పాఠశాలలలో ఏ భాష బోధనాభాషగా నుండవలెను అను వాదములోనికి నేనీ పూట దిగను. ఆ వాదము పెద్దది, నాకు దొరికిన సమయము చిన్నది. ఇదివఱకే ఆంగ్లముతో పని పడినవారిని ఉద్దేశించి మాత్రమే నేను మాటాడుచున్నాను. పదవ తరగతి వఱకు తెలుగులో చదివి ఇంజనీరింగు కళాశాలలో చేరిన పల్లెటూరి పిల్లను తలచుకొనుడు. గణితమున ఆమెకు కొఱత లేదు. అధ్యాపకుడు ప్రశ్న వేయును. సమాధానము ఆమెకు తెలియును. అయినను నోరు మెదపదు. ప్రక్క బల్లమీది కుఱ్ఱవాడు సగము తప్పైన సమాధానమును ధారాళమైన ఆంగ్లములో చెప్పి మెప్పు పొంది కూర్చుండును. ఇది ఒకనాడు గాక నాలుగేండ్లు జరిగినచో ఆ పిల్ల తాను మందమతినని నమ్మజొచ్చును. భాష రాకపోవుట వేఱు, బుద్ధి లేకపోవుట వేఱు. మొదటిదానిని రెండవదిగా పొరబడిన పిల్లలు లెక్కలను సైతము వదలుకొనుట నేను కన్నులార చూచితిని. కావున ఈ ప్రసంగము వినోదమునకై చేయునది కాదు. ఒక సంకల్పము సరిగా చేసికొనుటచేత ఒక పిల్లకు నోరు పెగలునేని, దానిని గుఱించి పావుగంట మాటాడుట వృథా కాదు.

“ఈ యేడు ఇంగ్లీషు నేర్చుకొందును” అనునది సంకల్పము కాదు, కోరిక. రెంటికిని గల భేదమును మన పురోహితులు ఏనాడో ఎఱిగియున్నారు. మన యిండ్లలో ఏ వ్రతము చేయబూనినను మొదట సంకల్పము చెప్పింతురు గదా! కల్పము, మన్వంతరము, యుగము మొదలుకొని సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము వఱకు కాలమును కుదించుకొని వత్తురు. పిదప దేశము: మేరువునకు ఏ దిక్కున, శ్రీశైలమునకు ఏ మూలను, ఏ రెండు నదుల నడుమ, ఎవరి గృహమున. పిదప కర్తయొక్క గోత్రనామములు. ఇంత చెప్పిన మీదటనే ఏ ఫలము గోరి ఏ కార్యము చేయుచున్నాడో పలికించి నీరు విడిపింతురు. ఈ పద్ధతి పరిచితము కానివారు భూమి దస్తావేజును తలచుకొనవచ్చును. తేదీయు, గ్రామమును, సర్వే నంబరును, నాలుగు హద్దులును లేని దస్తావేజును ఏ రిజిస్ట్రారు ఆమోదించును? మన ఆంగ్లాభ్యాస సంకల్పములలో నూటికి తొంబది హద్దులు లేని దస్తావేజులే.

ఇది కేవలము నా చమత్కారము కాదు. ఎడ్విన్ లాక్, గేరీ లేథమ్ అను ఇరువురు మనస్తత్వశాస్త్రజ్ఞులు లక్ష్యములను గుఱించి పెక్కేండ్లు పరిశోధించి 1990లో ఒక గ్రంథము ప్రకటించిరి. “నీ శక్తికొలది చేయుము” అని చెప్పబడినవారికంటె, ఇంత పని అని స్పష్టముగను, కొంచెము కష్టముగను నిర్ణయింపబడినవారు ఎక్కువ సాధింతురని వారు తేల్చిన విషయము. జర్మనుదేశీయుడైన పీటర్ గోల్విట్జర్ 1999లో వ్రాసిన వ్యాసమున మఱియొక మెట్టు ముందునకు పోయెను. ఏమి చేయుదునో అనుకొనుట చాలదు. ఎప్పుడు, ఎచ్చట, ఏ సందర్భము రాగానే చేయుదునో కూడ ముందే అనుకొన్నవాడు ఆ పనిని నెఱవేర్చుట హెచ్చని అతడు చూపెను. తిథివారనక్షత్రములును దేశమును మన సంకల్పములో ఏల ఉండవలెనో ఆతడు మఱియొక దారిని వచ్చి కనుగొన్నాడని నాకు తోచినది.

ఇక లక్ష్యము ఎవరిది అను ప్రశ్న. ఇది అన్నింటికంటె ముఖ్యమని నా యభిప్రాయము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదటిసారి ప్రదర్శింపబడినది. అందు గిరీశమును, శిష్యుడగు వెంకటేశమును ఇంటివారి యెదుట ఆంగ్లములో సంభాషించిన ఘట్టము మీలో చాలమంది యెఱిగినదే. తల్లి ముచ్చటపడి ఇంగ్లీషు మాటాడుమని కోరగా, గురువు నోటికి వచ్చినది పలుకును, శిష్యుడు నక్షత్రములమీది పిల్లల పద్యమును వల్లించును. విన్న తల్లికి పరమానందము. మనము నవ్వుదుము. కాని వెంకటేశమును తప్పు పట్టుటకు ముందు ఒక మాట విచారింపవలెను. అతని అభ్యాసమునకు గుఱి యేది? తల్లి సంతసించుట. ఆ గుఱి నెఱవేఱినది! ఇంగ్లీషు రాని తల్లిని మెప్పించుటకు ఇంగ్లీషు అక్కఱలేదు, ధైర్యము చాలును. నేడును చుట్టములు వచ్చినప్పుడు పిల్లవానిని నడిమింట నిలువబెట్టి పద్యము చెప్పించు తలిదండ్రులు కలరు. పెద్దవారును తక్కువ తినలేదు; పెండ్లిలో పదిమంది నడుమ ఫోనులో రెండు ఆంగ్లవాక్యములు బిగ్గరగా పలుకుటయే గమ్యముగా పెట్టుకొన్నవారు నాకు తెలియును. ఇట్టి గమ్యమునకు ఏడాది అక్కఱలేదు, ఒక వారము చాలును. ఆ వారమునకు మించి నేర్చినదియు ఏమియు ఉండదు.

దీనికి ఎదురుగా మఱియొక ఉదాహరణము చూపుదును. ఇది ఆంగ్లము నేర్చిన తెలుగువాని కథ కాదు, తెలుగు నేర్చిన ఆంగ్లేయుని కథ. చార్లెసు ఫిలిప్ బ్రౌను 1817లో చెన్నపట్టణము చేరెను. ఈస్టిండియా కంపెనీవారు తమ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1812లో సెంటుజార్జి కోట కళాశాలను నెలకొల్పియుండిరి. అందు చదువునకు హద్దులు స్పష్టముగా నుండెను. దుబాసి సాయము లేకుండ రైతుల అర్జీ చదువవలెను, వారి మొఱ వినవలెను, బదులు చెప్పవలెను. తెలుగు పండితుడు కమ్మని యెవరును బ్రౌనును కోరలేదు. అతడు 1820లో పరీక్ష ముగించుకొని కడపకు ఉద్యోగమున పోయెను. కచేరీ పనికి చాలిన భాష చేతికి వచ్చిన తరువాతనే అతని గుఱి మాఱినది. 1824 ప్రాంతమున వేమన పద్యములు పట్టెను. 1829లో వానిని ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. తుదకు 1852-53లలో ఆతని నిఘంటువులు వెలువడినవి. మొదటి దినముననే “నేను తెలుగు నిఘంటువు కూర్చెదను” అని అతడు నోటుపుస్తకము కొని కూర్చుండియున్నచో, అదియు పదునొకండవ పుటలో ఆగియుండెడిదేమో! అర్జీ మొదట, వేమన పిదప, నిఘంటువు ముప్పదియైదేండ్లకు.

మనవారిలోను ఇట్టివారు లేకపోలేదు. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు పని చేసిరి. వెన్నెలకంటి సుబ్బారావుగారు సదరు అదాలతు కోర్టులో అనువాదకులుగా నుండి తమ జీవితచరిత్రమును ఆంగ్లములోనే వ్రాసికొనిరి. అది వారి మరణానంతరము 1873లో అచ్చుపడినది. సాక్షి తెలుగున పలికిన మాట న్యాయాధిపతికి ఆంగ్లమున చేరవలెను. నడుమ ఒక్క మాట జాఱినను ఒకని ఆస్తియో ప్రాణమో పోవును. అట్టి పని యెదుట నున్నవానికి ఏమి నేర్వవలెనో ఎవరును ప్రత్యేకముగా చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు లెక్కకు వత్తము. యూరపు కౌన్సిలువారు 2001లో భాషాజ్ఞానమును ఆఱు మెట్లుగా విభజించి ప్రకటించిరి. అడుగున నున్నవాడు తన పేరు, ఊరు చెప్పుకొనగలడు. తుది మెట్టుననున్నవాడు దేనినైనను చదివి గ్రహింపగలడు. కేంబ్రిడ్జి పరీక్షలవారు ఏ మెట్టునకు ఎన్ని గంటల బోధన పట్టునో సుమారుగా చెప్పియున్నారు. మొదటినుండి లెక్కించినచో రెండవ మెట్టునకు 180 నుండి 200 గంటలు, మూడవదానికి 350 నుండి 400, నాల్గవదానికి 500 నుండి 600. మనుష్యునిబట్టి ఈ అంకెలు మాఱును. అయినను కొలబద్దగా పనికివచ్చును. దినమునకు అరగంట తప్పక చదువువానికి ఏడాదిలో 182 గంటలు లభించును. అనగా ఏడాదికి దాదాపు ఒక మెట్టు. ముప్పది దినములలో ఆంగ్లము నేర్పుదుమను పుస్తకములు అంగళ్లలో దొరకును. దినమునకు అరగంట చొప్పున ముప్పది దినములకు పదునైదు గంటలే గదా! 15 గంటలలో 500 గంటల ఫలము చూపుట ఇంద్రజాలికునికి తగును గాని ఉపాధ్యాయునికి తగదు. ఈ లెక్క విని నిరుత్సాహపడవలదు. నా అనుభవమున నిరుత్సాహము కలిగించునది లెక్క కాదు. లెక్క లేకుండ ఆశపెట్టుకొని ఫిబ్రవరిలో తన్ను తాను నిందించుకొనుటయే.

ఏడాదికి ఒక మెట్టు అనినను, ఏడాది అంతయు ఒకే లక్ష్యముగా పెట్టుకొనుట నాకు సమ్మతము కాదు. డిసెంబరు మన కన్నునకు ఆనదు. మనకు రెండు సంవత్సరాదు లున్నవని మొదటనే చెప్పితిని. ఆ భాగ్యమును వినియోగించుకొందము. ఉగాది ఒక్కొక్క యేడు ఒక్కొక్క తేదీన వచ్చును. 2021లో ఏప్రిలు 13న వచ్చినది. 2026లో మార్చి 19న. జనవరి మొదటి తేదీనుండి అంతవఱకు తక్కువలో తక్కువ పదునొకండు వారములు, ఎక్కువైనచో పదునాలుగున్నర. ఇది కంటికి ఆనెడి దూరము. మొదటి సంకల్పమునకు ఉగాదిని గడువుగా పెట్టుకొనుడు. పచ్చడి తినిన మఱునాడు రెండవ సంకల్పము చేసికొనవచ్చును. మొదటిది నెఱవేఱనిచో అప్పటికి తొమ్మిది నెలలు మిగిలియే యుండును.

నేను ముందు చెప్పిన ఇంజనీరింగు పిల్ల సంకల్పము ఎట్లుండవచ్చును? “ధారాళముగా మాటాడుదును” అని కాదు. “ప్రతి సోమ, బుధ, శుక్రవారములు రాత్రి భోజనమైన వెంటనే వసతిగృహపు మేడమీద, ఆనాడు తరగతిలో విన్న ఒక పాఠమును నా స్నేహితురాలికి రెండు నిమిషములు ఆంగ్లములో చెప్పుదును; ఉగాదిలోపల తరగతిలో మూడు సారులు నా యంతట నేను చేయి యెత్తి సమాధానము చెప్పుదును.” ఇందు కాలమున్నది, దేశమున్నది, సాక్షి కలదు, అంకె కలదు. మూడు సారులే ఏల అందురేమో. మొదటిసారికి గుండె దడదడలాడును, రెండవసారికి ముఖము ఎఱ్ఱబాఱును. మూడవసారికి తరగతివారు తిరిగి చూచుట మానుదురు. ఆమెకు పాఠమందలి పారిభాషికపదము లన్నియు పుస్తకములో ఇదివఱకే ఆంగ్లముననే యున్నవి. కొఱతపడునవి “దీనినుండి”, “అందుచేత”, “ఇట్లనుకొందము” అను కూర్పుమాటలు మాత్రమే. అవి ఇరువదియో ముప్పదియో. వానిని ఒక కాగితముపై వ్రాసికొని దగ్గఱ నుంచుకొన్నచో సగము భయము తీఱును.

విదేశమున ఉద్యోగమునకు పోదలచిన నర్సు సంగతి వేఱు. ఆమె కొఱకు ఐఈఎల్టీఎస్ వంటి పరీక్షలు కాచుకొనియున్నవి. అందు వినుట, చదువుట, వ్రాయుట, మాటాడుట అని నాలుగు భాగములు. సున్న మొదలు తొమ్మిది వఱకు మార్కులు. మాటాడు భాగము పదునొకండు నుండి పదునాలుగు నిమిషములు. ఇట్టివారు తమకు వచ్చిన భాగమునే మఱల మఱల చదువుచుందురు. అది ఇంపుగా నుండును గదా! రాని భాగమునకు సంకల్పము చేయవలెను. మొదటివారముననే గడియారము ముందు పెట్టుకొని నమూనా పరీక్ష వ్రాసి, నాలుగింటిలో కుంటుచున్న కాలేదో కనుగొని, అరగంటలో ఇరువది నిమిషములు దానికే ఈయవలెను.

మూడవది ఒక తల్లి. బిడ్డ చదువు బడినుండి ఫోనునకు వచ్చు ఆంగ్లపు నోటీసును ఆమె చదువలేదు. ప్రతిసారియు ప్రక్కయింటివారిని అడుగుటకు సిగ్గు. ఆమెకు వ్యాకరణముతో గాని ఉచ్చారణముతో గాని ఇప్పుడు పని లేదు. బడివారు పంపు నోటీసులలో మాటలు తిరిగి తిరిగి అవియే వచ్చుచుండును: రుసుము, గడువు, సెలవు, సమావేశము, సంతకము. పాత నోటీసులు పది ముందు పెట్టుకొని వారమునకు ఒకదానిని పూర్తిగా అర్థము చేసికొన్నచో, ఉగాదికి క్రొత్త నోటీసు ఆమె తానే చదువుకొనును. ఇంత చిన్న లక్ష్యమా యని ఇంజనీరు నవ్వవచ్చును. బ్రౌనును అర్జీతోనే మొదలుపెట్టెను.

తెలుగువారమైన మనకు ప్రత్యేకముగా వచ్చు చిక్కులు కొన్ని కలవు. లక్ష్యములను వానిమీద గుఱిపెట్టినచో శ్రమ కలిసివచ్చును. మనది అజంత భాష. మన మాట అచ్చుతో ముగియనిచో నాలుకకు తోచదు. అందుచేతనే బస్సు, పెన్ను, రోడ్డు. తెలుగులో మాటాడునప్పుడు ఇవి చక్కని తెలుగుమాటలే, వానిని దిద్దనక్కఱలేదు. కాని ఆంగ్లములో భూతకాలమును, బహువచనమును తెలుపు గుఱుతులు తఱచుగా మాట తోకలో ఒక హల్లుగా నుండును. “నడచును” అనుటకు వాక్ అనియు, “నడచెను” అనుటకు దాని చివర మఱియొక హల్లు చేర్చి వాక్ట్ అనియు పలుకుదురు. రెండు హల్లులు చివర నిలుచుట మనకు అలవాటు లేక రెండవదానిని మ్రింగివేయుదుము. దానితోపాటు భూతకాలమును పోవును! వినువాడు మనకు వ్యాకరణము రాదనుకొనును. మనకు వ్యాకరణము వచ్చును, నాలుక రాలేదు. మాటల తోకలను మాత్రమే పట్టి పదునైదు దినములు గట్టిగా చదువుట ఒక మంచి లక్ష్యము.

అట్లే మన ‘వ’ ఒక్కటి, వారికి రెండు. ఒకటి పై పండ్లు క్రింది పెదవికి తాకించి పలుకునది, మఱియొకటి పెదవులు గుండ్రముగా చుట్టి పండ్లు తాకింపక పలుకునది. పశ్చిమదిక్కు పేరును, లోపల తొడుగు బనీను పేరును మన లిపిలో వెస్ట్ అనియే వ్రాయుదుము. వారికి అవి రెండు వేఱు మాటలు. అద్దము ముందు నిలిచి ఈ రెంటిని పలికిన పది దినములలో భేదము తెలియును. మాటలో ఏ భాగమును నొక్కి పలుకవలెనో అనునది అంతకంటె ముఖ్యము. రికార్డ్ అను మాట మొదటి భాగమును నొక్కినచో నామవాచకము, రెండవదానిని నొక్కినచో క్రియ. తెలుగులో ఇట్టి ఏర్పాటు లేదు గనుక మన చెవి దానిని పట్టదు. కాని దొరగారివలె మాటాడవలెనను లక్ష్యమును మాత్రము పెట్టుకొనవలదని నా సలహా. ఎదుటివాడు రెండవమాఱు అడుగకుండ అర్థము చేసికొనుట చాలును.

వాక్యనిర్మాణమును గుఱించి ఒక్క మాట చెప్పి విడుతును. మన క్రియ వాక్యము చివర కూర్చుండును. వారి క్రియ కర్తను అంటిపెట్టుకొని నడచును. మన విభక్తులు నామము వెనుక వచ్చును. వారివి ముందు నడచును. “నాకు ఇద్దఱు అన్నలు ఉన్నారు” అను దానిని మాటకు మాట మార్చబోయి “ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్” అను వాక్యమును పుట్టించితిమి. తెలుగు వాక్యమును ముందు కట్టి పిదప ఆంగ్లములోనికి మార్చువానికి ఈ చిక్కు తప్పదు. దీనికి విరుగుడు సూత్రములు కంఠస్థము చేయుట కాదు, పూర్తి వాక్యములను కంఠస్థము చేయుట. అయితే మనకు వారికంటె ఎక్కువ ఉన్న చోట్లును కలవు. మేము, మనము అను రెంటికి వారికి ఒక్కటే మాట! ఆంగ్లేయుడు “వి షల్ ఈట్” అనినప్పుడు మనలను భోజనమునకు పిలిచెనో లేదో తెలియక నిలువవలసినదే.

మాటలు ఎన్ని నేర్వవలెను? మైకేల్ వెస్టు అను విద్యావేత్త 1953లో నిత్యోపయోగములైన మాటల పట్టిక నొకదానిని ప్రకటించెను. అందు సుమారు రెండువేల మూలపదములు. సామాన్యరచనలలో కనబడు మాటలలో అయిదింట నాలుగు పాళ్లు ఇవియే. కావున నిఘంటువును మొదటినుండి చదువనక్కఱలేదు. దినమునకు అయిదు చొప్పున వారమునకు ఆఱు దినములు నేర్చినచో ఉగాదికి 330 మాటలకు తక్కువ కావు. అయిదేనా, ఇరువది యేల కారాదు అని ఉత్సాహవంతులు అడుగుదురు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌసు అను జర్మను పండితుడు 1885లో తనమీదనే ప్రయోగములు చేసికొని చూపినది ఇది: నేర్చినదానిలో ఎక్కువ భాగము మొదటి గంటలలోను మొదటి దినములలోను జాఱిపోవును; విరామమిచ్చి మఱల మఱల చదివినది నిలుచును. కావున అయిదు క్రొత్త మాటలతో నిన్నటి అయిదును, వారము క్రిందటి అయిదును కలిసి పదునైదగును. ఇరువది మాటలవాడు ఆ లెక్కన అఱువది మోయవలెను. ప్రతి మాటను ఒక వాక్యములో పెట్టి, అదియు తన యింటిని, తన వీథిని గుఱించిన వాక్యముగా వ్రాసికొన్నవానికి అది తొందరగా అంటుకొనును.

నేటి ఫోనులలో భాష నేర్పు సాధనములు పెక్కు కలవు. అవి చెడ్డవి కావు. వినుటకు, మఱల మఱల చదువుటకు సాయపడును. అయితే ఫోను తెఱచినవాడు పాఠమునొద్దకే చేరునను నమ్మకము లేదు. అంతకు మించి వానిని గుఱించి చెప్పవలసినది నాకు కనబడదు.

కాని ఒక గండమును గుఱించి తప్పక చెప్పవలెను. జనవరిలో చేసిన సంకల్పమునకు రెండు వారములు తిరుగకమునుపే సంక్రాంతి వచ్చును. భోగి, సంక్రాంతి, కనుమ. ప్రయాణములు, అల్లుళ్లు, అరిసెలు. మూడు దినములు పుస్తకము తెఱవరు. నాల్గవనాడు “విఱిగినది గదా, ఇక వచ్చే యేడు చూతము” అందురు. నేను చూచిన నోటుపుస్తకములు ఎక్కువగా ఆగినది ఇక్కడనే. దీనికి మొదటి దినముననే ఏర్పాటు చేసికొనవలెను. పండుగనాళ్లకు వేఱు కొలత: అరగంట కాదు, అయిదు నిమిషములు. బండిలో కూర్చుండి అయిదు మాటలు తలచుకొన్నను ఆ దినము లెక్కకు వచ్చినట్లే. జ్వరమునకు, పెండ్లికి, పంటకోతలకు ఇదే కొలత. ఒక దినము తప్పినచో మఱునాడు రెట్టింపు చదువవలదు. మామూలు అరగంటయే చదువవలెను. రెట్టింపు అప్పు పెట్టుకొన్నవాడు మూడవనాటికి దివాలా తీయును.

తుదకు, ఎంత నేర్చితినో ఎట్లు తెలియును? ప్రతి దినము అద్దము చూచుకొనువానికి తాను పెరిగినది కనబడదు. అందుచేత జనవరి మొదటి తేదీ సాయంకాలము ఒక పని చేయుడు. ఫోనులోని ధ్వనిముద్రణ సాధనమును తెఱచి, మీ యింటిని గుఱించియు, మీరు నిన్న చేసిన పనిని గుఱించియు, కాగితము చూడకుండ రెండు నిమిషములు ఆంగ్లములో మాటాడి భద్రపఱచుడు. మాట తట్టనిచోట తెలుగుమాటయే పలుకుడు, ఆగినచో ఆగుడు, దిద్దవలదు. దానికి తేదీ పేరుగా పెట్టుడు. ఉగాదినాడు, పచ్చడి తిని, మఱల అదే విషయమును గుఱించి రెండు నిమిషములు మాటాడి రెండవదానిని ముద్రించుడు. అప్పుడు రెంటిని వరుసగా వినుడు. ఎన్ని తెలుగుమాటలు దొరలినవో, ఎన్నిసారులు ఆగితిరో వ్రేళ్లమీద లెక్కించి, ఆ రెండు అంకెలను నోటుపుస్తకపు పదునొకండవ పుటలో వ్రాసికొనుడు.